లిఫ్ట్ ఎక్కకూడని మనుషులు

కనకలక్ష్మి గుణదల తిరిగొచ్చిన వారంలోనే ఆ వీడియో చూసింది. చూపించింది స్టెల్లా. పొద్దుటి పనులు ముగించుకుని కొండ మెట్లెక్కుతూ కనకలక్ష్మి ఇంటి ముందు ఆగి, "నువ్వు చూళ్లేదుగా అక్కా, చూడు" అని ఫోన్ చేతిలో పెట్టింది.

ఏదో అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర సీసీ కెమెరా తీసిన వీడియో అది. పైనుంచి తీసింది కాబట్టి మనిషి ముఖం సరిగ్గా కనబడదు. నెరిసిన ముడి, వంగిన వీపు కనబడుతున్నాయి. ఒక ముసలావిడ మోకాళ్లమీద కూర్చుని గుడ్డతో మెట్లు తుడుస్తోంది. చీర వెనకంతా తడిసి కాళ్లకి అంటుకుపోయి ఉంది. పై మెట్టు మీద ఒకాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె తుడవడం అయిపోయి లేవబోతే, ఆయన వేలితో ఇంకో మెట్టు చూపించాడు. ఆమె మళ్లీ వంగింది.

ఆ ముడి ఎవరిదో కనకలక్ష్మికి తెలుసు. అయినా అడిగింది.

"ఎవరే?"

"శౌరమ్మ పిన్ని."

స్టెల్లా, శౌరమ్మ ఇద్దరూ ఇళ్లల్లో పనిచేసేవాళ్లు. వాళ్లు వెళ్లేది శ్వేతపద్మ టవర్స్ అనే ఆరంతస్తుల అపార్ట్‌మెంట్‌కి. కిందటేడు అక్కడ కొత్త కమిటీ వచ్చింది. రాగానే లిఫ్ట్ పక్కన బోర్డు పెట్టింది: పనివారు లిఫ్ట్ వాడరాదు. సెల్లార్‌లో డ్రైవర్ల కోసం కట్టిన బాత్రూమ్ ఉంటే, పాడుచేస్తున్నారని దానికి తాళం వేసింది. శౌరమ్మకి అరవై దాటాయి, పైగా సుగర్. ఐదో అంతస్తులో రెండిళ్లు చేస్తుంది. ఆ రోజు బాత్రూమ్‌కి వెళ్తానని ఇంటావిడని అడిగితే, "కిందికెళ్లి చూసుకో" అంది. కింద తాళం ఉందని ఆవిడకీ తెలుసు. శౌరమ్మ మెట్లు దిగుతూ మూడో అంతస్తు దగ్గర ఆపుకోలేకపోయింది. సెక్రటరీ వెంకటకృష్ణారావు ఆరోగ్యం కోసం రోజూ మెట్లెక్కే మనిషి. ఆయన చూశాడు. బకెట్టూ గుడ్డా తెప్పించి, దగ్గరుండి ఆమెచేత కడిగించాడు. సాయంత్రం సీసీ కెమెరాలోంచి ఆ వీడియో తీసి అపార్ట్‌మెంట్ వాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాడు. కింద "మన మెట్ల పరిస్థితి ఇదీ" అని రాశాడు.

"నీకెట్టా వచ్చిందిది?"

"నేను చేసే ఇంట్లో అక్షయని డిగ్రీ చదివే పిల్లుంది. అది చూపించి ఏడ్చింది. నేనే పంపించమన్నా" అంది స్టెల్లా. "నవ్వే బొమ్మలు పెట్టినోళ్లు కూడా ఉన్నారంట అక్కా."

"మరి మీరంతా ఏం చేశారు?"

స్టెల్లా ఫోన్ తీసుకుని జాకెట్లో పెట్టుకుంది. "ఏం చేస్తాం? మర్నాడు పనికెళ్లాం."

*

కనకలక్ష్మి ఇదివరకు గుణదలలో ఉన్న రోజుల్లో ఇట్లా ఉండేది కాదు. ఒకసారి చైను పోయిందని ఒక పనిమనిషిని పోలీసులు పట్టుకెళ్తే, కొండమీద ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని స్టేషన్ ముందు కూర్చున్నది కనకలక్ష్మే. సాయంత్రానికి ఆ చైను ఇంటావిడ బీరువాలోనే దొరికింది. ఆ రోజు పుట్టింది ఇంటిపని మహిళల సంఘం. కొండ కింద చిన్న గది తీసుకున్నారు. నెలకి రెండు ఆదివారాలు సెలవు ఇప్పించుకున్నారు. ఎవరైనా చెయ్యి చేసుకుంటే మొత్తం వీధి పని ఆగిపోతుందని అపార్ట్‌మెంట్ల వాళ్లకి తెలిసొచ్చింది.

తర్వాత కనకలక్ష్మి మొగుడు హనుమయ్య బిల్డింగ్ పనిలో పరంజా మీంచి పడ్డాడు. నడుము విరిగింది. గది తాళంచెవి స్టెల్లా చేతిలో పెట్టి, కనకలక్ష్మి అతన్ని తీసుకుని కంకిపాడు దగ్గర బావగారింటికి వెళ్లిపోయింది. అక్కడ అతని ఒళ్లు తుడుస్తూ, మందులిస్తూ, పొలం పనులకి వెళ్తూ రెండేళ్లు గడిపింది. ఇప్పుడు హనుమయ్య నడుస్తున్నాడు. బట్టల కొట్లో కుర్చీలో కూర్చుని చేసే సెక్యూరిటీ పని దొరికితే మళ్లీ బెజవాడ వచ్చారు.

వచ్చాక చూస్తే సంఘం గదిలో బిర్యానీ సెంటరు వాళ్ల గ్యాసుబండలు ఉన్నాయి. సంఘం బోర్డుని ఎవరో తిరగేసి స్నానాలగది మీద కప్పేశారు. కనబడ్డవాళ్లంతా "ఎప్పుడొచ్చావ్? అన్నయ్యకెట్టా ఉంది?" అని పలకరించి, మరో మాట లేకుండా పోతున్నారు. ఆదివారం సెలవులు కూడా ఎప్పుడో పోయాయి.

స్టెల్లా వెళ్లిపోయాక కనకలక్ష్మి తిన్నగా శౌరమ్మ ఇంటికి వెళ్లింది. శౌరమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. కనకలక్ష్మి ముఖం చూడగానే విషయం తెలిసిపోయినట్టు చేట పక్కన పెట్టింది.

"నువ్వూ చూశావా?"

"చూశా పిన్నీ."

"ఇంక మిగిలిందెవరే కొండ మీద?" శౌరమ్మ కళ్లు తుడుచుకోలేదు. వాటిల్లో నీళ్లు లేవు. "ఒదిలెయ్యి లక్ష్మీ. దీన్ని మళ్లీ పదిమందిలో పెట్టకు. నీకు దణ్ణం పెడతా."

కనకలక్ష్మి సరేనంది. కానీ ఇంటికెళ్లాక వంట చేస్తున్నా, బట్టలు ఉతుకుతున్నా ఆ వేలే కనబడుతోంది. ఇంకో మెట్టు చూపించిన వేలు. ఆ వేలు విరిచేయాలన్నంత కోపం వచ్చింది ఆమెకి.

మర్నాడు పొద్దున్నే ఒక్కతే శ్వేతపద్మ టవర్స్‌కి వెళ్లింది.

*

వెంకటకృష్ణారావు పార్కింగ్‌లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. ఉతికిన తెల్ల లాల్చీ, ముఖంలో ప్రశాంతత. ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి.

"శౌరమ్మ చేత మెట్లు కడిగించింది మీరేనా?" అంది కనకలక్ష్మి.

ఆయన పేపరు మడిచాడు. "నువ్వెవరమ్మా? ఏ ఫ్లాట్‌లో చేస్తావ్?"

"ఏ ఫ్లాట్‌లోనూ చెయ్యను. నేను సంఘం మనిషిని."

"ఏ సంఘం?"

ఆ ప్రశ్నకి రెండేళ్ల కింద ఆమె దగ్గర జవాబుండేది.

"ముసలి మనిషి అండి. సుగరు మనిషి. బాత్రూమ్‌కి తాళం మీరే వేశారు. లిఫ్టు ఎక్కొద్దన్నది మీరే. ఇంకామె ఎక్కడికెళ్లాలి?"

"చూడమ్మా, నేను ఆవిణ్ణి ఒక్క మాట అన్లేదు. చెయ్యెత్తలేదు. ఎవరు చేసింది వాళ్లు కడుక్కున్నారు. అందులో తప్పేముంది?" ఆయన గొంతు పెంచలేదు. "రూల్ అనేది అందరికీ ఒకటే. ఇది మా ప్రైవేట్ ప్రాపర్టీ."

"ఆ వీడియో అందరికీ చూపించడం కూడా రూలేనా? మీ అమ్మైతే పెడతారా?"

"మాటలు జాగ్రత్త" అని ఆయన లేచి, వాచ్‌మన్ని పిలిచాడు. కనకలక్ష్మి గేటు దగ్గరిదాకా అరుస్తూనే వచ్చింది. బాల్కనీల్లోంచి మనుషులు తొంగిచూశారు. లోపల పనిచేస్తున్న కొండమీది ఆడవాళ్లు కూడా కిటికీల్లోంచి చూశారు. ఒక్కరూ కిందికి దిగలేదు.

ఆ సాయంత్రం శౌరమ్మ చేసే రెండిళ్లవాళ్లూ ఫోన్ చేసి, రేపట్నుంచి రావొద్దన్నారు.

స్టెల్లా ఆ కబురు తీసుకుని వచ్చింది. లోపలికి రమ్మన్నా గుమ్మం బయటే నిలబడింది.

"ఎవర్నడిగి వెళ్లావ్ నువ్వు? ఎవర్నడిగావ్?"

"అడిగేదేంటే? అంత అన్యాయం జరిగితే..."

"అన్యాయం మాకు తెలీదా? నువ్వొచ్చి చెప్పాలా? నువ్వు తాళంచెవి నా చేతిలో పెట్టి పోయావ్. రెండేళ్లలో ఒక్కసారి ఫోన్ చేసి, మీటింగు జరుగుతుందా అని అడిగావా? అద్దె కట్టలేక ఆ గది ఖాళీ చేసినప్పుడు ఎంత ఏడ్చానో నీకు తెలుసా?" అంది స్టెల్లా. "ఇప్పుడొచ్చి ఒక్కరోజు అరిచి పోయావ్. రేపు ఆ మెట్లెక్కాల్సింది మేం. పిన్నికి ఆ మెట్లు కూడా లేకుండా చేశావ్."

ఆమె వెళ్లిపోయాక కనకలక్ష్మి పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చుండిపోయింది. హనుమయ్య అన్నం తానే పెట్టుకుని తిన్నాడు. తినడం అయ్యాక అన్నాడు:

"అప్పుడు స్టేషన్ ముందు నువ్వొక్కదానివే కూర్చున్నావా?"

"లేదు."

"మరి ఇయ్యాలెందుకు ఒక్కదానివే పోయావ్?"

"కోపమొచ్చిందయ్యా."

"కోపం వాళ్లకి మాత్రం రాలేదా? పోయి అడుగు" అని అతను నడుము పట్టుకుని మెల్లగా లేచాడు.

*

శౌరమ్మ తనని ఇంట్లోకి రానిస్తుందనుకోలేదు కనకలక్ష్మి. కానీ శౌరమ్మ మంచం మీద చోటిచ్చింది. కనకలక్ష్మి క్షమాపణ చెప్పుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "విను" అంది.

"ఎనిమిదేళ్లు చేశానే, నన్ను కిందికెళ్లమన్న ఆవిడ ఇంట్లో. ఆవిడ కాన్పుకి నేనున్నా. ఆ పిల్లోడి ముడ్డి కడిగింది నేను. వాడు పక్క తడిపితే మార్చింది నేను. ఒక్కనాడు ముక్కు మూసుకోలా. నాకొక్కసారి అయ్యేసరికి... ఫోన్లో చెప్పింది లక్ష్మీ, ఎదురుగా చెప్పడానికి కూడా పిలవలా." ఆమె పెదవులు వణికాయి. ఏడుపనుకుంది కనకలక్ష్మి. కోపం అది. "సిగ్గుతో చచ్చిపోయాననుకున్నా ఇన్నాళ్లూ. ఎందుకు సిగ్గుపడాలే నేను? తాళం వేసినోడు పడాలి. ఇప్పుడు పని కూడా పోయింది. ఇంక భయపడ్డానికి ఏముంది? నేనే చెప్తా అందరికీ. నా నోటితో నేను చెప్తా. నువ్వు పక్కన కూర్చో, మాట్లాడకు."

అట్లాగే చేశారు. మధ్యాహ్నాలు పనుల మధ్య ఆడవాళ్లు ఇళ్లకొచ్చే వేళ చూసుకుని ఇద్దరూ ఒక్కో గడప ఎక్కారు. కొంతమంది తలుపు దగ్గరే పంపేశారు. ఒకామె అయితే "నీ వల్లే కదా పిన్ని పని పోయింది" అని కనకలక్ష్మి ముఖం మీదే అనేసింది. కనకలక్ష్మి అవునంది. మాట్లాడకుండా ఉండటం ఆమెకి చాలా కష్టంగా ఉంది. కానీ శౌరమ్మ తన సంగతి చెప్పడం మొదలుపెట్టగానే, వింటున్నవాళ్లు తమ సంగతి చెప్పేవాళ్లు. పనికి వెళ్లేముందు మంచినీళ్లు తాగడం మానేశామని ఒకరు. నెలసరి రోజుల్లో పొద్దుట్నించి మధ్యాహ్నందాకా గుడ్డ మార్చుకోలేక తొడలు ఒరుసుకుపోతున్నాయని ఒకరు. ఒకామె మూత్రంలో మంటతో ఆస్పత్రి చుట్టూ తిరుగుతోంది. ఇవన్నీ పక్కపక్క ఇళ్లల్లో ఉంటూ కూడా ఒకరికొకరు చెప్పుకోని సంగతులు.

సింధూరి అనే కొత్తగా పెళ్లైన పిల్ల ఆరో అంతస్తులో చేస్తుంది. ఆ ఇంట్లో కుక్కని తిప్పే పని కూడా ఆమెదే.

"కుక్కని కిందికి తీసుకెళ్లేటప్పుడు నాకు లిఫ్ట్ ఉంది పిన్నీ" అంది సింధూరి. "మెట్లెక్కితే దానికి కాళ్లనొప్పులంట. దాన్ని ఇంట్లో వదిలేసి నేనొక్కదాన్నే దిగితే మాత్రం మెట్లే."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. కనకలక్ష్మి పళ్లు కొరుక్కుంటూ నేలవైపు చూసింది.

శౌరమ్మ వరండాలో పెట్టిన మొదటి మీటింగుకి వచ్చింది నలుగురే. వాళ్లలో ఒకామె సగంలో లేచి వెళ్లిపోయింది. ఇదివరకైతే కనకలక్ష్మి ఇంటింటికీ తిరిగి తిట్టేది. ఇప్పుడు మళ్లీ అదే గడపలు ఎక్కింది. తర్వాతి వారం వరండా నిండింది. స్టెల్లా కూడా వచ్చింది. లోపలికి రాకుండా స్తంభానికి ఆనుకుని నిలబడి, అందరి మాటలూ విని, చివరికి నోరు విప్పింది.

"అర్జీలు గిర్జీలు వద్దు. ఆయన తీసుకుని లోపల పెట్టుకుంటాడు. సోమవారం పొద్దున వెళ్దాం. ఆదివారం అయితే వాళ్లకి తీరుబడి. సోమవారం పిల్లల స్కూళ్లు, ఆఫీసులు. అందరం వెళ్దాం. పైకి మాత్రం ఎక్కొద్దు."

"ఎక్కకుండా?" అంది సింధూరి.

"లిఫ్ట్ ముందు కూర్చుందాం. ఎక్కనిస్తే ఎక్కుతాం."

కనకలక్ష్మి స్టెల్లా వైపు చూసింది. స్టెల్లా చూపు తిప్పుకోలేదు. "నువ్వు కూడా రా అక్కా. కానీ ముందు అరవకు" అంది.

*

సోమవారం పొద్దున శ్వేతపద్మ టవర్స్‌లో పనిచేసేవాళ్లందరూ ఒకేసారి గేటు దాటి లోపలికొచ్చారు. వాచ్‌మన్ ఆపలేదు. అతని పెళ్లాం కూడా వాళ్లలోనే ఉంది. పార్కింగ్‌లో లిఫ్ట్ తలుపుకి దారి వదిలి నేలమీద కూర్చున్నారు. పైకి వెళ్లాల్సినవాళ్లు వెళ్తున్నారు, దిగాల్సినవాళ్లు దిగుతున్నారు. కానీ దిగిన ప్రతివాళ్లకీ ఎదురుగా వరసగా కూర్చున్న తమ ఇంటి పనిమనిషి కనబడుతోంది.

మొదట ఫోన్లు మోగాయి. తర్వాత ఒక్కొక్కరే నైటీలమీద చున్నీలు వేసుకుని కిందికి దిగారు. "ఏంటే ఇది, పిల్లలకి బాక్సులు కట్టాలి" అని ఒకావిడ. "ఏజెన్సీకి ఫోన్ చేస్తే గంటలో వేరేవాళ్లొస్తారు" అని ఒకాయన. "మా ఇంట్లో బాత్రూమ్ అడిగితే మేం కాదంటామా?" అని ఆరో అంతస్తు ఆవిడ.

సింధూరి కూర్చున్నచోటునుంచే అంది: "అడిగానండి. కిందికెళ్లమన్నారు. మీ బాత్రూమ్ రోజూ కడిగేది నేనేనండి."

ఆవిడ ముఖం ఎర్రబడింది. పక్కనున్నవాళ్లు ఆవిడ వైపు చూశారు, ఆ వెంటనే తమ సంగతి గుర్తొచ్చి చూపులు తిప్పుకున్నారు.

వెంకటకృష్ణారావు వచ్చాడు. నేరుగా కనకలక్ష్మి ముందుకే వచ్చాడు. "నువ్వేనా రెచ్చగొట్టింది? పోలీసుల్ని పిలుస్తా."

కనకలక్ష్మి నోరు తెరవబోయింది. శౌరమ్మ ఆమె భుజం పట్టుకుని, ఆ ఊతంతో లేచి నిలబడింది.

"నాతో మాట్లాడండి" అంది.

ఆయన ఆమెని గుర్తుపట్టలేదు. ఆ రోజు వీపు తప్ప ముఖం చూసినట్టు లేదు.

"ఆ వీడియోలో ఉన్నది నేనేనండి. మీరంతా ఫోన్లో చూశారుగా. ఇప్పుడు ఎదురుగా చూడండి." శౌరమ్మ గొంతు మొదట సన్నగా ఉంది. పోనుపోను గట్టిపడింది. "నా పేరు శౌరమ్మ. నాకు సుగరుంది. మీ ఇళ్లల్లో కూడా సుగరున్న పెద్దోళ్లు ఉన్నారు. వాళ్ల పక్క బట్టలు మేమే ఉతుకుతున్నాం. ఎవరికైనా చెప్పామా? ఎవరికైనా చూపించామా? మీ ఇళ్లల్లో మేం చూసేవన్నీ వీడియోలు తీసి పెడితే మీలో ఎంతమంది తలెత్తుకు తిరుగుతారు? మేం పెట్టం. మాకా బుద్ధి లేదు. మీకెట్టా వచ్చిందండీ ఆ బుద్ధి?"

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది, అందులోంచి ఎవరూ దిగలేదు, మూసుకుంది. అప్పుడు వెంకటకృష్ణారావు గొంతు సవరించుకుని, ఆదివారం కమిటీ మీటింగులో చర్చిస్తామన్నాడు.

"అయితే ఆదివారం అయ్యాకే పనికొస్తామండి" అంది స్టెల్లా. అందరూ లేచి, వచ్చినట్టే వెళ్లిపోయారు.

ఫ్లాట్లవాళ్లు ఆదివారందాకా ఆగలేదు. మర్నాడే ఏజెన్సీవాళ్లు ఇద్దర్ని పంపించారు. స్టెల్లా, సింధూరి వాళ్లతో గేటు బయట మాట్లాడారు. ఒకామె వెనక్కి వెళ్లిపోయింది. ఇంకొకామె పైకెక్కి, ఆరో అంతస్తుదాకా మెట్లంటే దండం పెట్టి దిగొచ్చింది. సింకుల్లో గిన్నెలు పేరుకున్నాయి. ఫ్లాట్లవాళ్లకి ఫ్లాట్లవాళ్లకి మధ్య గొడవ మొదలైంది. బోర్డు పెట్టమన్నదెవరు, వీడియో పెట్టమన్నదెవరని గ్రూప్‌లో ఒకరినొకరు నిలదీసుకుంటున్నారని అక్షయ ఎప్పటికప్పుడు స్టెల్లాకి చెబుతూ వచ్చింది. బుధవారం పొద్దున వాచ్‌మన్ చేతే బోర్డు పీకించారు. సెల్లార్ బాత్రూమ్ తాళం తీశారు. గ్రూప్‌లోంచి వీడియో తీసేసి, వెంకటకృష్ణారావు ఒక మెసేజి పెట్టాడు. దాన్ని స్టెల్లా వరండాలో అందరికీ చదివి వినిపించింది: "ఇటీవలి సంఘటన వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే కమిటీ విచారం వ్యక్తం చేస్తున్నది."

"ఇందులో నా పేరెక్కడుంది?" అంది శౌరమ్మ.

"లేదు పిన్నీ."

"ఎవరివైనా అంటే ఎవరివి? అక్కడ ఇంకెవరున్నారు నేను తప్ప?"

ఆయనచేత ఎదురుగా క్షమాపణ చెప్పించేదాకా పనిలోకి వెళ్లొద్దని కనకలక్ష్మి గట్టిగా పట్టుబట్టింది. కొందరు సరేనన్నారు, చాలామంది ఇంక నడవదన్నారు. ఇళ్లల్లో పొయ్యి వెలగాలి. చివరికి శౌరమ్మే వాళ్లని వెళ్లమంది. "వెళ్లండే. లిఫ్ట్‌లో వెళ్లండి. నేను మాత్రం ఆయన్ని వదిలేశాననుకోకండి" అంది.

ఆమెని మళ్లీ రమ్మని రెండిళ్లవాళ్లూ కబురు పెట్టారు. శౌరమ్మ ఒక్కసారి వెళ్లింది, తన టిఫిన్ డబ్బా తెచ్చుకోవడానికి. కనకలక్ష్మి కూడా వెళ్లింది. ఇద్దరూ లిఫ్ట్‌లో ఐదో అంతస్తుకి వెళ్లారు. ఇంటావిడ తలుపు తీసి, "రా శౌరమ్మా, రేపట్నుంచి వస్తావుగా" అంది, ఏమీ జరగనట్టు.

"రానమ్మా" అంది శౌరమ్మ. "నా డబ్బా ఇవ్వండి."

"ఎందుకు రావు? ఇప్పుడన్నీ సరిచేశారుగా?"

"మీరేం సరిచేశారు?" అని అడిగి, జవాబు కోసం ఎదురుచూసింది. ఆవిడ లోపలికెళ్లి డబ్బా తెచ్చిచ్చింది. తిరిగొచ్చేటప్పుడు లిఫ్ట్‌లో కనకలక్ష్మి శౌరమ్మ చెయ్యి పట్టుకుంది.

తర్వాత శౌరమ్మకి కొండ కింద ఒక టిఫిన్ సెంటర్లో కూరగాయలు తరిగే పని దొరికింది. వెంకటకృష్ణారావు ఇప్పటికీ సెక్రటరీయే. ఆయన పేరెత్తితే కనకలక్ష్మికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంటని ఆమె ఇప్పుడు గడపలు ఎక్కడానికి వాడుతోంది. పక్క వీధిలో, ఆ పక్క వీధిలో, రైల్వే గేటు అవతల కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఆడవాళ్ల ఇళ్లకి మధ్యాహ్నాలు స్టెల్లాతో కలిసి వెళ్తోంది. అద్దెకి గది ఇంకా దొరకలేదు. ఆదివారం సాయంత్రాలు శౌరమ్మ వరండాలోనే కూర్చుంటున్నారు.

మొన్న ఆదివారం ఎవరికీ తెలియని ఒకామె వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఇక్కడేనా అండి లిఫ్ట్ వాళ్లు?" అని అడిగింది. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఎక్కనిస్తారట, కానీ లోపలికెళ్లేటప్పుడూ బయటికొచ్చేటప్పుడూ సంచులు, చీర మడతలు తడిమి చూస్తారట, అదీ మగమనిషి చూస్తాడట.

కనకలక్ష్మి ఒక్కసారిగా లేచింది. స్టెల్లా ఆమె కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

శౌరమ్మ మంచం మీద పక్కకి జరిగింది. "కూర్చో అమ్మా. పేరేంటి నీది? మొదట్నించీ చెప్పు" అంది.